పుల్లలమ్మ పెరడు

పుల్లలమ్మ తన అత్తగారిని ఇంట్లోంచి గెంటేసిందని, ఆ ముసలావిడ గదిలో గచ్చు పగలగొట్టి అక్కడ కూడా మొక్కలు వేయబోతోందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. ఈ మాట పుట్టింది కిరాణా కొట్టు దగ్గర. కొట్టాయన నోట్లో పుట్టిన మాటకి ఇస్త్రీ బండి దాకా వెళ్ళేసరికి కాళ్ళూ చేతులూ వస్తాయి. వీధి చివరి ఇంటికి చేరేసరికి దానికి పెళ్ళయి పిల్లలు కూడా పుడతారు. ఇప్పుడు వినిపిస్తున్నదేమిటంటే, ఆ పెరట్లోవి అసలు చెట్లే కావట, ఎండిన పుల్లలకి నీళ్ళు పోస్తూ ఏదో గొణుగుతుందట, మొగుడు పోయిందీ వాటి మూలంగానేనట.

మొగుడు పోయాకే ఆ పుల్లలు వచ్చాయి. ముందు పోయినవాణ్ణి తర్వాత వచ్చిన పుల్ల ఎలా చంపుతుంది? అయిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన నాకే ఆ మాత్రం తెలుస్తోంది.

గెంటేసిందన్నదీ అబద్ధమే. పెద్దామె వెళ్ళిపోయిన రోజు ఆ ఇంట్లో నేనున్నాను. ఏ ఇంట్లో ఏం జరిగినా నేనుంటాను. ఈ గుణానికి మా కోడలు ఒక పేరు పెట్టింది గానీ అది ఇక్కడ రాయను. పెద్దామె తన పెట్టె తనే సర్దుకుంది. ఎందుకు సర్దుకుందో తెలియాలంటే చెట్టు కూలకముందు నుంచీ చెప్పుకు రావాలి.

పుల్లలమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. అంతకుముందు అందరికీ ఆమె నర్సరీ అమ్మాయి. రోడ్ల పక్కన నాటే మొక్కల్ని పెంచే పెద్ద నర్సరీ ఒకటి ఊరి చివర ఉంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె అందులోనే పని. మట్టి, ఇసుక, ఎరువు కలిపి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కూరడంతో మొదలుపెట్టి, పెరిగిన మొక్కల్లో ఏవి నాటడానికి పనికొస్తాయో, ఏవి గోతిలో పారేయాలో తేల్చే పని దాకా వచ్చింది. రోజంతా వంగి వంగి నడుము పట్టేసేది. ఇంటికి రాగానే గుమ్మంలో కూర్చుని, గోళ్ళలోని మట్టి పుల్లతో తీసుకుంటూ కబుర్లు చెప్పేది. పిల్లల్లేరు. ఆమె, మొగుడు, మొగుడి తల్లి, అంతే ఇల్లు.

మొగుడు రొట్టెల వ్యాను నడిపేవాడు. తెల్లవారకముందే బేకరీలో రొట్టెలు ఎత్తుకుని కొట్లన్నిటికీ వేసేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. మనిషి వస్తున్నాడంటే ముందు రొట్టె వాసన వచ్చేది, తర్వాత నవ్వు వినపడేది. అన్నం తినగానే కునుకు తీయకపోతే అతనికి ప్రాణం ఉండేది కాదు. ఇంటికి రేకుల కప్పు. వేసవిలో ఆ ఇంట్లో పడుకోవడమంటే పెనం మీద పడుకున్నట్టే.

అప్పట్లో మా వీధిలో చెట్టనేదే లేదు. ఎండ కాలు పెట్టనిచ్చేది కాదు. పక్క వీధులన్నిటికీ మున్సిపాలిటీ ఆఫీసువాళ్ళు చెట్లు నాటారు, మాది మాత్రం ఎలాగో వదిలేశారు. ఆ తర్వాత ఒక వానాకాలం నర్సరీ బండి మా వీధిలోకీ వచ్చింది. బండి మీద కూర్చుని వచ్చింది ఆమే. గోతులు తవ్వించి, ఇంటింటి ముందూ ఒకటి చొప్పున దగ్గరుండి నాటించింది. అవి తొందరగా పెరిగే రకం. చూస్తూ చూస్తుండగానే డాబాలు దాటిపోయాయి. కొమ్మలు అటూ ఇటూ కలిసిపోయి వీధికి పందిరి వేసినట్టయింది. నేను వీధిలోకి కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలైందే అప్పుడు. అప్పటిదాకా కిటికీలోంచి తొంగిచూసి మెడ నొప్పి పుట్టేది.

రొట్టెల వ్యాను ఇంటి ముందు చెట్టు కిందే ఆగేది. వెనక తలుపులు బార్లా తీసి, ఖాళీ ట్రేలు పక్కకి నెట్టి, అందులోనే నడుం వాల్చేవాడు.

"ఏం బాబూ, ఇంట్లో చోటు లేదా?" అని అడిగితే, పైకి వేలు చూపించేవాడు.

"ఇది మా ఆవిడ నాకోసం పరిచిన పక్క పిన్నీ. పడుకోకపోతే అలుగుతుంది."

చెట్టు కూలింది కూడా అలాంటి మధ్యాహ్నమే. వాన లేదు, ఉరుము లేదు. గాలి మాత్రం ఉన్నట్టుండి లేచి, తలుపులన్నీ దబదబా కొట్టింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు ఎలా ఉందో నాకు చెప్పడం రాదు. బయటికి పరిగెత్తేసరికి వ్యాను కనపడలేదు, ఆకులే కనపడ్డాయి. మగవాళ్ళంతా కలిసి కొమ్మలు నరికి, అతన్ని బయటికి తీసి ఆసుపత్రికి పట్టుకెళ్ళారు. దారిలోనే పోయాడని తర్వాత తెలిసింది.

కబురు అంది ఆమె నర్సరీ నుంచి మట్టి కాళ్ళతోనే వచ్చింది. "ఆసుపత్రికి తీసుకెళ్ళారమ్మా, పద, నేనూ వస్తాను" అన్నాను. ఆమె నా మాట వినలేదు. చెట్టు మొదలు దగ్గర ఆగిపోయింది.

ఆ వేరు నేనూ చూశాను. నేలలోంచి ఊడి మనిషెత్తున లేచి నిలబడింది. అంత చెట్టుకి వేళ్ళు ఎంత లోతుకి దిగి ఉంటాయో అనుకుంటాం కదా, ఒక్కటీ దిగలేదు. బొక్కెనలో చుట్టిపెట్టిన తాడులాగ వేరు మీద వేరు గుండ్రంగా తిరిగి తిరిగి ముద్దకట్టుకుపోయింది. పక్కలకి పోయిన పిల్లవేళ్ళు పుటుక్కున తెగి వేలాడుతున్నాయి. ఆ ముద్ద ఆకారం అచ్చం నర్సరీ సంచి ఆకారమే. సంచి ఎప్పుడో పోయింది, చెట్టు మాత్రం ఇంకా అందులోనే ఉన్నాననుకుని పెరిగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ చుట్ట వెంబడే వేలు తిప్పుకుంటూ పోయింది. ఏడవలేదు.

"మొగుడు అక్కడ చావుబతుకుల్లో ఉంటే ఇది ఇక్కడ వేళ్ళు తడుముతోంది చూడండర్రా!" అన్నారెవరో.

పెద్దామె గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట విన్నది, చూడాల్సింది చూసింది. ఆ రోజు నుంచీ కోడలితో మాట్లాడలేదు.

దినాలయిన మర్నాడే ఆ కోడలు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మా వీధిలో మిగిలిన చెట్లన్నీ కొట్టించేయమని. వీధి వీధంతా ఆమె మీద పడింది. "నీ మొగుడు పోయాడని మా నీడ తీసేస్తావా?" అని కొట్టాయన అన్నాడు. అంతకన్నా పెద్ద మాటలు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు, తిరగడం మానలేదు. చివరికి రంపాలతో మనుషులొచ్చారు. ఒక్కో చెట్టూ పడగొట్టి మొదలు పెకిలిస్తే, ఒక్కో దాని కిందా అదే ముద్ద. మా మనవలు వాటి కిందే గోలీలాడేవాళ్ళు.

ఇలా ఎందుకవుతుందని అప్పుడే ఆమెని అడిగాను.

"సంచిలో ఉంచాల్సిన కాలం కన్నా ఎక్కువ ఉంచితే వేరుకి దారి దొరకదు పిన్నీ. గోడ వెంబడి తిరుగుతుంది. ఆ తర్వాత నేలలో పెట్టినా ఆ తిరుగుడు మానదు. పైకి మాత్రం బాగానే పెరుగుతుంది."

ఇంకేం, నాటడం ఆలస్యం చేసిన ఆఫీసువాళ్ళదే తప్పని నేనే వీధంతా చాటాను. కొట్టాయన నోరు అలాగే మూయించాను. ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

నర్సరీ పని మానేసి లాండ్రీలో చేరింది. హోటళ్ళ దుప్పట్లు మడతపెట్టే పని. సెలవు రోజుల్లో కొండల్లోకి పోయి సంచీ నిండా గింజలు తెచ్చేది. ఇదివరకు ఇక్కడి కొండల నిండా ఉండి, ఇప్పుడు వెతికితే గానీ కనపడని చెట్లవట. గింజలా అవి? రాళ్ళు. గరుకు కాగితంతో రుద్ది, వేణ్ణీళ్ళలో నానబెట్టి, తర్వాత నెలలకి నెలలు ఎదురుచూడాలి. వాటికోసం పెరట్లో గచ్చంతా గునపంతో తనే పగలగొట్టింది. బట్టలారేసే తీగలు కూడా తీసేసింది. సంచి లేదు, కుండీ లేదు. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే గింజ.

మొలకలు వచ్చాయి, నాలుగాకులు వేశాయి, ఎండలు ముదిరేసరికి ఎండి పుల్లలయ్యాయి. మళ్ళీ వానలకి మొదట్లోంచి నాలుగాకులు. మళ్ళీ ఎండలకి పుల్ల. ఏళ్ళు గడుస్తున్నా మోకాలు దాటలేదు. ఎండిపోయిన పుల్లలకి నీళ్ళు పోసే మనిషిని చూస్తే లోకం ఊరుకుంటుందా, పుల్లలమ్మ అని పేరు పెట్టింది.

"ఈ వీధిలో పుల్లలు పెట్టే పని నాది, పెంచే పని నీది," అన్నానొకసారి. నవ్వింది. మొగుడు పోయాక నేను చూసిన నవ్వు అదొక్కటే.

"వీటికి చేవ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందే?"

"మనమెవరం ఉండం పిన్నీ."

"మరెందుకు?"

నీళ్ళ చెంబు తీసుకుని ఇంకో పుల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంట్లో సంగతి మరీ అన్యాయం. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే గదిలో కూర్చుని మధ్యలో నన్ను పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. అరవై దాటిన నన్ను ఇంకా పిల్లా అని పిలిచేది పెద్దామె ఒక్కతే.

"ఇదుగో పిల్లా, టీలో పంచదార ఎక్కువైందని చెప్పు."

కోడలు చేతికందే దూరంలోనే ఉంది.

"పంచదార ఎక్కువైందటమ్మా," అన్నాను.

"వేసింది చిటికెడే పిన్నీ. నాలుక మీద ఇందాకటి తీపి ఉండిపోయిందేమో అని చెప్పు."

"నా నాలుక మీద తీపా! ఆ మాట అన్న మొదటి మనిషి అదేనని చెప్పు," అంది పెద్దామె.

నాకు నవ్వొచ్చింది, వాళ్ళిద్దరికీ రాలేదు. నేను వెళ్ళని రోజుల్లో ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటే ఉండేది కాదు. ఒకసారి ఉండబట్టలేక పుల్లలమ్మతో అన్నాను, ఈ నరకం ఎందుకు, పెద్దామెను వేరే కాపురం ఉంటున్న చిన్నకొడుకు దగ్గరికి పంపెయ్యరాదా అని.

"వద్దు పిన్నీ. మాట్లాడకపోతేనేం, పక్క గదిలో దగ్గు వినపడుతుంది కదా. నాకు ఇంకెవరున్నారు?"

ఆ మాటన్నప్పుడు ఆమె మొహం చూశాక మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

మొన్న ఎండాకాలం, ఆమె లాండ్రీకి పోయిన వేళ, గోడ అవతలి నుంచి పెద్దామె కేక వినపడింది.

"ఇదుగో పిల్లా, ఒకసారి ఇలా రా. ఇది రావడం లేదు!"

వెళ్ళి చూస్తే, పెరట్లో నేల మీద చతికిలపడి ఉంది. చేతిలో గరిట, చుట్టూ మట్టి. ఆరేసుకుందామని తెచ్చిన దుప్పటి పుల్లకి తగులుకుని పొడుగునా చిరిగిందట. ఒళ్ళు మండి పుల్ల పీకబోయింది. పైది విరిగి చేతిలోకి వచ్చింది గానీ కిందది రాలేదు. పట్టుదల వచ్చి గరిటతో తవ్వడం మొదలుపెట్టింది.

"చచ్చిన పుల్లకి ఇంత పొగరా!" అంది రొప్పుతూ.

నాకూ చూడాలనిపించింది. మా ఇంట్లోంచి గునపం తెచ్చాను. తవ్వుతూ పోతే, పైన పెన్సిలంత పుల్ల కింద నా మణికట్టంత వేరు! అటూ ఇటూ వంకర లేదు, గోడ కట్టేవాళ్ళు వేలాడదీసే తూకపు దారంలాగ నిటారుగా కిందికి పోయింది. చెయ్యి పట్టేంత లోతు తవ్వాం, అయిపోలేదు. పెద్దామె బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టింది, కొస అందలేదు. గునపం తగిలిన చోట చెక్కు లేచి లోపల తడిగా, తెల్లగా మెరిసింది.

"ఇది బతికే ఉందే," అంది.

"ఇందాకటి దాకా," అన్నాను.

చేతి మట్టి దులుపుకోకుండా ఆ గోతిలోకే చూస్తూ కూర్చుంది. నాకు భయమేసింది, వయసు మళ్ళిన మనిషి, ఎండలో. లేవదీయబోతే చెయ్యి విదిలించుకుంది.

"ఆ రోజు వీధిలో లేచిన వేరు చూశావు కదూ నువ్వు?"

"చూశాను."

"ఇదీ చూశావు."

"చూశాను."

"వేరుని ఇంత తిన్నగా దింపడం తెలిసిన మనిషికి, ఆ వేరు చుట్టుకుపోయిందని తెలీకుండా ఉంటుందా? మంచివీ చెడ్డవీ వేరుచేసిందెవరు? బండి మీద కూర్చుని తెచ్చిందెవరు?"

ఆఫీసువాళ్ళదే తప్పని ఇన్నాళ్ళూ వీధికి నేను చెప్పుకొచ్చిన మాట నాకే నోట్లోంచి రాలేదు.

సాయంత్రం పుల్లలమ్మ వచ్చి గొయ్యి చూసింది. వంగి, చెక్కు లేచిన చోట బొటనవేలితో తడిమింది. తర్వాత మట్టి కప్పేసింది.

"అత్తయ్యకి దెబ్బేమైనా తగిలిందేమో అడుగు పిన్నీ," అంది.

పెద్దామె నాకు కూడా జవాబు చెప్పలేదు. అప్పటికే కొట్టాయన ఫోను నుంచి చిన్నకొడుక్కి కబురు చేసేసింది. కొట్టాయన ఫోను నుంచి చేస్తే ఇంకేముంది, ఎవరు గెంటారు, ఎందుకు గెంటారు అన్నది వీధిలో ఆ పూటే తయారైపోయింది.

చిన్నకొడుకు మర్నాడు పొద్దున్నే బండి మాట్లాడుకుని వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. చేతిలో తాళాల గుత్తి ఆడిస్తూ నిలబడ్డాడు.

"రా అమ్మా, పోదాం. అన్నయ్యని మింగింది చాలదా? నువ్వు కూడా ఈ కొంపలోనే పోవాలా?"

"నోర్మూసుకోరా," అంది పెద్దామె. "పోయేది నేను, వచ్చేది నేను. నీకెందుకు తొందర?"

పెట్టె సర్ది తాడు కట్టి ఉంది. దాని మీదే కూర్చుంది. పుల్లలమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది, లాండ్రీకి పోయే చీరలోనే. అలవాటు ప్రకారం నేను మధ్యలో.

"ఇదుగో పిల్లా, అడుగు," అంది పెద్దామె. "వీధిలో మొక్కలు నాటిన రోజున వాటి వేళ్ళ సంగతి దానికి తెలుసా, తెలీదా? ఒక్కటే మాట. తెలీదందా, ఈ తాడు విప్పేస్తాను. ఇంకెప్పుడూ ఈ ఊసు ఎత్తను. నా కొడుకు మీద ఒట్టు."

చిన్నకొడుకు ఏదో అనబోయాడు. పెద్దామె చెయ్యెత్తింది.

ఈ ప్రశ్న అడగడం ఇష్టం లేక అంతకాలం చుట్టూ తిరిగి అడిగిన దాన్ని నేను. నీళ్ళ గురించి అడిగాను, గింజల గురించి అడిగాను, సంచుల గురించి అడిగాను. ఇది మాత్రం అడగలేదు. వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. తెలీదని చెప్పవే తల్లీ, ఒక్క మాటే కదా, అన్నట్టు గట్టిగా నొక్కాను కూడా.

"విన్నావు కదమ్మా. తెలుసా నీకు?"

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. నన్ను తప్పించి ముందుకొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి పెద్దామె మొహంలోకి చూసి మాట్లాడింది.

"తెలుసు అత్తయ్యా. సంచి చేత్తో పట్టుకుంటే అడుగు గట్టిగా తగులుతుంది, అప్పుడే తెలుస్తుంది. గోతిలో పారేయమని నేనే పక్కన పెట్టించినవి అవి. మన వీధికి మొక్కలు లేవన్నారు. ఆయనేమో రోజూ అడిగేవాడు, మన ఇంటి ముందు నీడ ఎప్పుడొస్తుందని. అందుకని ఆ గుట్టలోంచే తెచ్చాను. ముందు నీడంటూ వస్తే, అవి పెద్దయ్యేలోపు పక్కనే మంచివి పెట్టి వీటిని తీయించేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను అత్తయ్యా. నీడ చల్లగా ఉంది. ఆయన హాయిగా నిద్రపోయేవాడు. నేను మర్చిపోయాను."